దీపానికి చల్లటి నీళ్ళు

పోయిన వారం కథలో రూపను రుక్మాబాయి బర్రెల కొట్టం ముందు నిలబెట్టి మనం ఎవరి పనుల్లోకి వాళ్ళం వెళ్ళిపోయాం. పాపం, ఆమె వారంగా అక్కడే నిలబడి ఉంది. చేతిలో సొట్టపడిన పాలక్యాను, అందులో సగందాకా వరి ఊక. పై గదిలో సామాను సర్దుతూ ఆమె భర్త డానియేలు ఆ క్యానును కిందికి తెచ్చి, అత్తమ్మ ఏనాడూ క్యానుతో పాలు తెచ్చుకోలేదు కదా, ఇది ఎక్కడిదని అడగడం, ఆ సొట్ట చూడగానే అది రుక్మాబాయిదని రూప పోల్చుకోవడం, పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి మిట్టమధ్యాహ్నం ఎండలో పడి రావడం మీకు గుర్తుండే ఉంటుంది. గుర్తులేని వాళ్ళకూ, ఈ వారమే మనతో చేరినవాళ్ళకూ ఇంత చెబితే చాలు. రూప ఒక దీపం చేసింది. ఆ దీపం కిందే, పోయిన వేసవిలో, ఆమె తల్లి మాణిక్యమ్మ ప్రాణం పోయింది. ఆ మధ్యాహ్నమంతా ఎర్రగా వెలగాల్సిన దీపం పచ్చగా వెలిగింది.

దాన్ని ఉక్కదీపం అన్నది గల్లీవాళ్ళు. రూప దానికి పేరే పెట్టలేదు. శాలిబండలో, ఇంటికి దగ్గర్లోనే, కూలర్లు చేసే కార్ఖానాలో మోటార్లకు తీగ చుట్టే పని ఆమెది. మిగిలిపోయిన తీగలూ ముక్కలూ పెట్టుకుని, కాలేజీలో పాఠాలు చెప్పే వివేక్‌ను సందేహాలడిగి, టిఫిను డబ్బా అంత చెక్కపెట్టె ఒకటి తయారుచేసింది. లోపల రెండు థర్మామీటర్లు. ఒకటి వట్టిది. రెండోదానికి పల్చటి మల్లుగుడ్డ చుట్టి ఉంటుంది, ఆ గుడ్డ కొస కింద చిన్న గిన్నెలో నీళ్ళలో వేలాడుతుంది. గాలి పొడిగా ఉంటే గుడ్డ తడి ఆరుతూ థర్మామీటరును చల్లబరుస్తుంది. మన ఒంటి మీద చెమట చేసే పని కూడా అదే. గాలిలో ఉక్క పెరిగిందా, గుడ్డా ఆరదు, చెమటా ఆరదు. అప్పుడు దీపం పచ్చ నుంచి పసుపుకు, పసుపు నుంచి ఎరుపుకు తిరుగుతుంది. ఎరుపు వచ్చిందంటే కుంపటి ఆర్పేయాలి, పని ఆపేయాలి, ఒంటి మీద నీళ్ళు చల్లుకుని నీడకు పోవాలి. చదువు రాని వాళ్ళకు కూడా అర్థమయ్యేలా రూప చేసిన ఏర్పాటు అది.

ఇంకొక ముచ్చట కూడా ఉంది అందులో. పెట్టె ముందు గడియారం లాంటి బిళ్ళ, దానికి రెండు ముళ్ళు. నల్లముల్లు ఇవాళ్టి వేడి చూపిస్తుంది. తెల్లముల్లు కదలదు. దీపం బిగించే ముందు ఆ ఇంటి పెద్దామెను కూర్చోబెట్టి, నువ్వు ఏ ఏడు ఈ గల్లీకి కాపురానికి వచ్చావని రూప అడిగేది. ఆడవాళ్ళు సంవత్సరం చెబుతారా ఏమన్నా? కర్ఫ్యూ పెట్టిన ఏడు అనేవాళ్ళు, మా పెద్దోడు కడుపులో ఉన్న ఏడు అనేవాళ్ళు. దాన్నిబట్టి ఏడాది పట్టుకుని, ఆనాటి వేసవి వేడి ఎంతో వివేక్ తీసిచ్చిన పాత లెక్కల్లో చూసి, తెల్లముల్లును అక్కడ బిగించేసేది. భూమి వేడెక్కుతోందని టీవీలో ఎంత మొత్తుకున్నా ఒక్కరూ తలెత్తి చూసింది లేదు. తాము కొత్తకోడళ్ళుగా వచ్చిన నాటి ఎండ ఒకపక్క, ఇవాళ్టి ఎండ ఒకపక్క తమ ఇంట్లోనే కనబడేసరికి, గల్లీలో ముసలమ్మలంతా ముక్కున వేలేసుకున్నారు. ఆ రెండు ముళ్ళ మధ్య ఖాళీని చూపించి మనవళ్ళకు కథలు చెప్పడం మొదలుపెట్టారు.

మొట్టమొదటి దీపం మాణిక్యమ్మదే. రూప, డానియేలు కింది గదిలో ఉంటే, పైన రేకుల గదిలో ఆమె ఉండేది. రోజంతా కుంపటి ముందు కూర్చుని లక్కగాజులకు అద్దాలూ రాళ్ళూ అతికించేది. రేకుల వేడి పైనుంచి, కుంపటి వేడి ముందునుంచి. అందుకే రూప ఆ దీపాన్ని కావాలని కిటికీలో పెట్టింది. కార్ఖానాలో తన పీట మీదినుంచి తలెత్తితే ఆ కిటికీ కనబడుతుంది. తీగ చుడుతూ మధ్యమధ్య తలెత్తి చూసుకునేది.

ఆ రోజు కూడా చూసింది. ఎన్నిసార్లు చూసినా పచ్చగానే ఉంది. చాయ్ వేళకు ఇంటికొచ్చి మెట్లెక్కేసరికి తల్లి కుంపటి పక్కన ఒరిగిపోయి ఉంది. ఒళ్ళు కాలిపోతోంది, ఊపిరి లేదు. తలమీద దీపం ఇంకా పచ్చగానే వెలుగుతోంది. జనం రాకముందే రూప దాన్ని కిటికీనుంచి ఊడబీకి మంచం కింద దాచేసింది. ఆ సంగతి ఇప్పటిదాకా డానియేలుకు కూడా చెప్పలేదు.

తర్వాత ఆమెకు ఏడుపు రాలేదు. చర్చిలో అందరూ పాటలు పాడుతుంటే రాలేదు, సమాధి మీద మట్టి వేస్తున్నప్పుడు కూడా రాలేదు. పిల్ల గుండె రాయి అని పక్కింటివాళ్ళు చెవులు కొరుక్కున్నారు. రాయి కాదండీ. కాలు తిమ్మిరెక్కినప్పుడు గిల్లినా తెలియదు చూడండి, ఆమె మనిషంతా అలా అయిపోయింది. అన్నం పెడితే తినేది, ఉప్పు ఉందో లేదో తెలిసేది కాదు. పని చెబితే చేసేది. ఖాళీ దొరికితే ఆ దీపం విప్పేది, మళ్ళీ బిగించేది. తడిగుడ్డ మార్చి చూసింది, తీగలన్నీ మార్చి చూసింది, స్నానాల గదిలో మరిగే నీళ్ళ పక్కన పెట్టి చూసింది. ప్రతిసారీ దీపం ఎర్రబడాల్సిన చోట ఎర్రబడింది. తప్పు ఎక్కడుందో దొరికితే కనీసం తనను తాను తిట్టుకోవచ్చు. అదీ దొరకలేదు.

ఈలోగా, వద్దనడానికి నోరు రాక, వివేక్ అడిగినప్పుడల్లా ఇంకో దీపం, ఇంకో దీపం చేసి ఇచ్చింది. గల్లీలో దాదాపు అన్ని ఇళ్ళకూ వచ్చేశాయి. ఈ వేసవిలో ఆ దీపాలు ఎర్రబడటమే తక్కువైందని, ఆడవాళ్ళకు తెలివిడి వచ్చి వేళకు కుంపట్లు ఆర్పేస్తున్నారని వివేక్ మహా సంబరపడుతున్నాడు. ఇవాళ సాయంత్రం ఎవరో పెద్దమనుషుల్ని తీసుకొస్తాడట. రూప ఊ అంటే చాలు, చుట్టుపక్కల బస్తీలన్నిటికీ ఈ దీపాలే. ఊ అనాలా, ఇది మా అమ్మను చంపిన దీపమని చెప్పాలా? ఇదీ ఆమె మెడకు చుట్టుకున్న ప్రశ్న. సాయంత్రంలోగా తేల్చుకోవాలి. తేల్చుకునే ఓపిక ఆమెలో లేదు. ఇంతలో ఈ క్యాను.

కొట్టంలో రుక్మాబాయి బర్రెల వీపుల మీద తడి గోనెసంచులు కప్పుతోంది. గల్లీ చివర తరాలుగా పాల వ్యాపారం వాళ్ళది. మనిషి భారీ, ముక్కున పెద్ద నత్తు, నోరు విప్పిందంటే నయాపూల్ దాకా వినబడుతుందని పేరు. ఎండలకు పాలు తగ్గిపోతున్నాయని, నీళ్ళ ట్యాంకరు రాలేదని, బర్రెలు మేత ముట్టడం లేదని తనలో తాను గొణుక్కుంటూ వెనక్కి తిరిగి, రూపను చూసింది. ఆమె చేతిలోని క్యానును చూసింది. ఆ పెద్దనోరు ఒక్కసారిగా మూతపడింది.

"పెద్దమ్మా, ఇది నీ క్యానేనా?" అని అడిగింది రూప.

రుక్మాబాయి మామూలుగా అయితే ఎవరి చేతిలో తన వస్తువు కనబడినా లాక్కుని నాలుగు తిట్లు తిడుతుంది. ఇప్పుడు గోనెసంచి సవరించుకుంటూ, ఇసొంటి క్యాన్లు ఉస్మాన్‌గంజ్‌లో బండికొకటి దొరుకుతాయంది. రూప ఆ సొట్ట చూపించింది. రెండేళ్ళ కింద బర్రె తన్నితే పడిన సొట్ట అని, ఆ రోజు తానే దగ్గరుండి క్యాను లేవనెత్తానని నెమ్మదిగా గుర్తుచేసింది. గొంతులో కోపం లేదు, ఆతురత లేదు. అడగాలి కాబట్టి అడుగుతున్నట్టుంది. దానికే రుక్మాబాయికి ఎక్కువ భయం వేసింది. గొడవపడే మనిషినైతే ఆమె సముదాయించగలదు.

ఎండలో నిలబడొద్దు, లోపలికి రమ్మంది. గడ్డి మోపు మీద కూర్చోబెట్టింది. మజ్జిగ ఇస్తానంది. రూప వద్దంది. డానియేలు డ్యూటీకి పోయాడా అని అడిగింది. పోయాడంది రూప. బర్రెలు తోకలు ఆడిస్తున్నాయి, గోనెసంచులనుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి.

"ఊక ఎందుకుంది పెద్దమ్మా క్యానుల?"

"బరఫ్ కరగకుంటనే." రుక్మాబాయి తల ఎత్తలేదు. "పాలు ఇరగకుండ రోజు ఐసుగడ్డ తెప్పిస్త గదా. దాంట్లకెళ్ళి ఓ ముక్క మీ అమ్మకిచ్చేది. ఉత్తగ ఇస్తె మెట్లు ఎక్కేలోపట నీళ్ళయితదని ఊకల పెట్టిచ్చేది."

రూపకు మొదట అది మామూలు మాటలాగే అనిపించింది. ఎండాకాలం, ముసలి ప్రాణం, చల్లటి నీళ్ళు తాగాలనిపించి ఉంటుంది. మరి తనకెందుకు చెప్పలేదో! ఇంట్లో మట్టి రంజన్ ఉంది. దాంట్లో నీళ్ళు చల్లగానే ఉంటాయి. ఐసు నీళ్ళు తాగితే గొంతు పట్టుకుంటుందని మాణిక్యమ్మ పండగనాడు కూడా చల్లటి షర్బత్ ముట్టేది కాదు. ఈ మాటే పైకంది. అమ్మ ఐసు తాగదు కదా అంది.

రుక్మాబాయి వచ్చి ఆమె ఎదురుగా నేలమీదే కూలబడింది. చెంగుతో ముఖం తుడుచుకుంది.

"తాగనీకె కాదు బిడ్డా. దీపానికి."

రూప వింది. అర్థం మాత్రం వెంటనే కాలేదు. రుక్మాబాయే ఒక్కొక్కటి చెప్పుకొచ్చింది. దీపం పెట్టిన కొత్తలో మాణిక్యమ్మకు దానిమీద ఎక్కడలేని ప్రేమ. బిడ్డ చేసింది కదా! పొద్దున్నే తుడిచేది. గిన్నెలో నీళ్ళు తగ్గనివ్వకూడదని రూప చెప్పింది కాబట్టి వేళకు పోసేది. ఏ నీళ్ళు పోయాలో రూప చెప్పలేదు. ఇంటికొచ్చిన మనిషికి కుళాయి నీళ్ళు ఇస్తామా, రంజన్‌లోంచి ముంచి ఇస్తాం కానీ. మాణిక్యమ్మ దీపానికి కూడా రంజన్ నీళ్ళే పోసింది. ఎండలో నిలబడి ఉంది పాపం, దానికి మాత్రం దాహం కాదా అనుకుంది. పోయగానే పసుపుగా ఉన్న దీపం పచ్చబడింది. చూశావా అక్కా, చల్లటి నీళ్ళు తాగితే దీపానికి కూడా ప్రాణం లేచొచ్చిందని మరునాడు రుక్మాబాయికి చెప్పి పడీపడీ నవ్వింది.

ఇది విని రూప కూడా నవ్వాల్సిందే. తల్లి అలా చెప్పి నవ్వడం ఆమెకు కళ్ళకు కట్టినట్టు కనబడింది. పెదవులు కదిల్చి చూసింది. నవ్వు రాలేదు.

"అప్పుడు నవ్వుకునే ముచ్చటనే," అంది రుక్మాబాయి. "తర్వాత గిరాకి జోరైంది. పెండ్లిళ్ళ సీజను. గాజులు గంపలకొద్ది తెచ్చిచ్చేటోళ్ళు. కుంపటి ఆర్పుడు లేదు. దీపం రోజు ఎర్రగైతుండె. ఎర్రగైనప్పుడల్ల నువ్వు పని ఇడిసిపెట్టి ఉరికొస్తుంటివి. యాదికున్నదా?"

గుర్తుంది. కార్ఖానా నుంచి పరుగెత్తుకొచ్చి, కుంపటి మీద నీళ్ళు గుమ్మరించి, తల్లిని కిందికి లాక్కొచ్చి పడుకోబెట్టేది. తల్లి తిట్టేది. వెనక్కి వెళ్ళేసరికి కార్ఖానా సేటు మొహం మాడ్చుకుని ఉండేవాడు. ఇట్లయితే వేరే మనిషిని చూసుకుంటానని ఒకసారి అందరి ముందే అన్నాడు. ఆ మాట రూప ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. గల్లీలో మాట దాగుతుందా?

"సేటు అన్న మాట మీ అమ్మ చెవుల పడ్డది. ఒక దినం గీ కొట్టంలకే వచ్చి కూసున్నది. రంజన్ నీళ్ళతోని ఆగుతలేదక్కా, మళ్ళ ఎర్రగనే అయితుంది, జర బరఫ్ ముక్క ఉంటె ఇయ్యి అన్నది. నీకేమన్న పిచ్చా మాణిక్యమ్మా, బిడ్డ నీ కోసమే గదనే చేసింది అంటి. గప్పుడు ఏమన్నదో తెల్సా?"

రుక్మాబాయి, మాణిక్యమ్మ ఎలా అందో అలాగే, ఆమె నెమ్మదితోనే చెప్పింది.

"పచ్చగుంటె దానికి నిమ్మళం అక్కా. అది కిటికి దిక్కు సూసి, మా అమ్మ మంచిగున్నదని పని చేసుకుంటది. నాకేమైతది? గిన్నేండ్ల సంది కూసున్న కుంపటే గదా. ఇట్లన్నది."

కొట్టంలో ఒక బర్రె బరువుగా ఊపిరి వదిలింది. రూప తన చేతుల వైపు చూసుకుంది. తీగ చుట్టి చుట్టి వేళ్ళ కొసలు కాయలు కాశాయి.

దీపం తప్పు చేయలేదు. చల్లటి నీళ్ళకు గుడ్డ చల్లబడితే, గాలి పొడిగానే ఉందనుకుంది, అంతే. ముందు వచ్చిన ఆలోచన అదే, దాచడమెందుకు? పెట్టె సరిగానే ఉంది, గుడ్డ సరిగానే ఉంది, తను చుట్టిన ప్రతి తీగ సరిగానే ఉంది. ఏడాదిగా ఛాతీ మీద ఉన్న బండ కొంచెం పక్కకు జరిగినట్టయింది. ఆ వెంటనే, తల్లి చావు కథ వింటూ తనకు ప్రాణం కుదుటపడిందేమిటని సిగ్గేసింది. తరువాత ఆ సిగ్గు కూడా పోయింది. పచ్చరంగు తన కోసం వెలిగింది. ఆ మధ్యాహ్నం తను తలెత్తి చూసిన ప్రతిసారీ, అక్కడ తల్లి కూర్చుని పచ్చగా ఉంచింది.

అప్పుడొకటి జ్ఞాపకం వచ్చింది. ఆ రోజు దీపాన్ని కిటికీనుంచి ఊడబీకినప్పుడు గిన్నెలోని నీళ్ళు ఆమె పాదాల మీద ఒలికాయి. చల్లగా తగిలాయి. భయానికి తన ఒళ్ళే చల్లబడిపోయిందనుకుంది. ఏడాదిపాటు ఆ దీపాన్ని విప్పి విప్పి చూసింది కానీ, ఆ నీళ్ళు అంత చల్లగా ఎందుకున్నాయని ఒక్కసారి కూడా అనుకోలేదు.

"ఆ దినం కూడ నువ్వే ఇచ్చినవా?"

"నేనే ఇచ్చిన." రుక్మాబాయి ఇప్పుడు నేరుగా ఆమె కళ్ళలోకి చూసింది. "మస్తు ఎండ ఉండె. మొఖం సూస్తెనే మంచిగ కొడ్తలేదు. పెద్ద ముక్కనే కొట్టిచ్చిన. ఓ తునక నోట్లేసుకోవే, నెత్తి మీద పెట్టుకోవే అని చెప్పిన. ముందు దీపానికక్కా అని పోయింది."

తర్వాత ఆమె ఏడ్చింది. పెద్దగా, సిగ్గుపడకుండా ఏడ్చింది. బరఫ్ ఇచ్చింది నేను, నా చేతులతో ఇచ్చాను, నీకు చెబితే నా ముఖం చూడవని భయపడ్డాను అంది. నీకు చెప్పనని మాణిక్యమ్మ తనచేత బర్రె మీద ఒట్టు వేయించుకుందని, ఆ ఒట్టు ఒక సాకు మాత్రమేనని కూడా తనే చెప్పుకుంది. రూప ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఓదార్చాలని కాదు. ఎవరైనా ఏడుస్తుంటే చెయ్యి వేయాలని తెలుసు కాబట్టి వేసింది. ఆ భుజం వెచ్చగా ఉంది. అంతకుమించి ఆమెకేమీ తెలియలేదు.

లేచి నిలబడింది. అయితే సాయంత్రం వివేక్‌కు ఊ అని చెప్పొచ్చన్నమాట. దీపం మంచిదే. ఐసు వేయకండని ఒక్క మాట చెబితే సరిపోతుంది. గిన్నెకు మూత బిగించి, చిన్న రంధ్రం పెట్టి... చేతులకు అలవాటైన ఆలోచన దానంతటదే సాగిపోతోంది. గుమ్మం దగ్గర ఆగి, వెళ్ళేముందు అడగాలి కాబట్టి అడిగినట్టు అడిగింది.

"ఈ సంగతి ఇంకెవరికన్న తెల్సా పెద్దమ్మా?"

రుక్మాబాయి ఏడుపు ఆగిపోయింది. చెంగు ముఖం మీదే ఉంచుకుంది. తీయలేదు.

"పెద్దమ్మా."

"అందరికి తెల్సు బిడ్డా."

ఎలా తెలుసంటే ఏం చెబుతుంది! మాణిక్యమ్మ ఉన్నప్పుడే ఎదురింటి సుందరమ్మకు చెప్పింది. ఆమెదీ గాజుల పనే. ఈ ఏడు దీపాలు ఇంటింటికీ వచ్చాక గొడవ ఎక్కువైంది. ఎర్రబడితే మొగుళ్ళు కుంపటి ఆర్పమంటారు, బడినుంచి వచ్చిన పిల్లలు ఆర్పమంటారు. ఆర్పితే లక్క గట్టిపడిపోతుంది, తెచ్చిన గాజులు వేళకు తిరిగి ఇవ్వకపోతే మళ్ళీ పని ఇవ్వరు. దీపం తీసేద్దామంటే రూప ఏమనుకుంటుందోనని మొహమాటం, తల్లిని పోగొట్టుకున్న పిల్ల చేసిచ్చింది కదా. అందుకని సుందరమ్మ ఒకరికి చెప్పింది, వాళ్ళు ఇంకొకరికి చెప్పారు. రోజూ పదిగంటలయ్యేసరికి గిన్నెలు పట్టుకుని కొట్టం ముందు వరుస కడుతున్నారు. రుక్మాబాయి ఇవ్వననలేకపోయింది. మాణిక్యమ్మకు ఇచ్చి నాకెందుకు ఇవ్వవని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదంది.

"ఇయ్యాల?"

"ఇయ్యాల కూడ తీస్కపోయిన్రు. సుందరమ్మ రెండుసార్లు వచ్చింది. పొద్దుగాల్నే మొఖమంత ఎర్రగుండె. నెత్తి నొస్తున్నదన్నది."

ఎర్రబడటమే తక్కువైందని వివేక్ సంబరపడిన సంగతి రూపకు గుర్తొచ్చింది. తెలివిడి వచ్చిందన్నాడు. తాను తల ఊపింది. అవునేమో అనుకుని కాదు, కాదనడానికి ఓపిక లేక ఊపింది.

క్యాను గడ్డి మోపు మీదే వదిలేసి బయటికొచ్చింది. గల్లీలో పురుగు కూడా తిరగడం లేదు. గాలి ఒంటికి తడిగుడ్డలా అంటుకుంటోంది. చెమట కారుతోంది కానీ ఆరడం లేదు. ఇలాంటి ఉక్కలో ప్రతి దీపం ఎర్రగా ఉండాలి, కనీసం పసుపన్నా ఉండాలి. రూప తలెత్తి ఒక్కొక్క కిటికీనే చూస్తూ నడిచింది. పచ్చ. పచ్చ. గల్లీ ఆ కొస నుంచి ఈ కొస దాకా, ఎక్కడ చూసినా పచ్చగా, నిమ్మళంగా వెలుగుతున్నాయి. అన్నిటి మీదా నల్లముల్లు తెల్లముల్లుకు దూరంగా జరిగే ఉంది. ఆ ముల్లును ఎవరూ మోసం చేయలేదు. దాన్ని చూసి కుంపటి ఆర్పమని అడిగేవాళ్ళు లేరు కదా!

సుందరమ్మ ఇల్లు వచ్చేసరికి లక్క మాడిన కమురు వాసన ముక్కుకు తగిలింది. కింది గదే, వీధి వైపు కిటికీ. కమ్మీల వెనక దీపం పచ్చగా ఉంది. లోపలినుంచి సన్నగా పొగ వస్తోంది. గాజుల పనిచేసే మనిషి లక్కను మాడనివ్వదు. ఆ మాట మాణిక్యమ్మ కూతురికి ఒకరు చెప్పనవసరం లేదు.

"సుందరక్కా," అని పిలిచింది.

పలకలేదు. రూప కమ్మీల సందులోంచి చెయ్యి పెట్టి దీపం కింది గిన్నెను తడిమింది. ఐసు ముక్క ఇంకా పూర్తిగా కరగలేదు. వేళ్ళకు చురుక్కున తగిలింది. ఎంత చల్లగా ఉందో! ఏడాది తరువాత ఆమెకు ఒక వస్తువు తగిలినట్టు తెలియడం అదే మొదలు. వేళ్ళు, ఆ వెనక మోచెయ్యి, ఆ వెనక గుండె నొప్పి పుట్టాయి. ఐసు ముక్కను తీసి వీధిలోకి విసిరేసింది. కమ్మీలకు మొహం ఆనించి, పొగలో కళ్ళు చికిలించి చూసింది. కుంపటి పక్కన గాజుల గంప ఒరిగి ఉంది, గాజులు నేలంతా దొర్లి ఉన్నాయి. వాటి మధ్య ఒక అరచెయ్యి వెల్లకిలా తెరుచుకుని ఉంది.

"సుందరక్కా, నేను రూపను. ఒక్కసారి పలుకు."

చెయ్యి కదల్లేదు. రూప తలుపు దగ్గరికి పరుగెత్తి రెండు చేతులతో బాదింది. భుజంతో తోసింది. రుక్మాబాయిని కేకేసింది. తన గొంతు అంత పెద్దగా రావడం ఆమెకే కొత్తగా వినబడింది. పక్కిళ్ళ కిటికీలు ఒక్కొక్కటీ తెరుచుకుంటున్నాయి.

తలుపు లోపలినుంచి గడియ వేసి ఉంది. ఐసు తీసేసినా దీపం కాసేపటిదాకా రంగు మారదని, చేసిన మనిషి కాబట్టి, రూపకు తెలుసు. కిటికీలో అది ఇంకా పచ్చగానే వెలుగుతోంది.